పద్నాలుగు రోజుల గడువు

“ఇదే మిషన్ ఎదురు షాపులో ఆరువందలు తక్కువ. మీరూ అంతకే ఇవ్వాలి.”

తడిసిన కరపత్రాన్ని ఆ అమ్మాయి కౌంటర్ మీద పరిచింది. బయట వాన. ఆమె జడ చివరి నుంచి కుట్టుమిషన్ల పక్కన నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయి.

“ఇవ్వాలని ఎక్కడుందండీ?” అన్నాడు సేల్స్ కుర్రాడు నవ్వాపుకుంటూ.

“మీ తల వెనకాల.”

తిరిగి చూశాడు. మూడేళ్లుగా ఆ బోర్డుకు వీపు పెట్టి నిలబడ్డాడే గాని ఒక్కసారీ చదవలేదు. చీమతలకాయంత అక్షరాలు. ఆమె తడుముకోకుండా చదివింది. అదే కంపెనీ, అదే మోడల్ అవతల స్టాకులో ఉంటే అదే ధరకు ఇస్తారు. కొన్న పద్నాలుగు రోజుల్లో ఇక్కడ ధర తగ్గినా తేడా వెనక్కి ఇస్తారు.

ఎదురు షాపుకి ఫోన్ చేశాడు. ఆమె చెప్పిన ప్రతి మాటా నిజమే. అంత చిన్న అక్షరాలకు అంత బలముంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు. బిల్లు కొడుతూ ఆమెనే చూశాడు.

మర్నాడు బిల్లు పట్టుకుని మళ్లీ వచ్చింది. “తగ్గిందా?”

“లేదండీ. వానలో ఎందుకు రావడం? తగ్గితే నేనే ఫోన్ చేస్తాగా.”

“బోర్డే చదవని మనిషిని ఎలా నమ్మను? రేపొస్తా.”

రోజూ ఇదే వరస. ఆమె వచ్చే వేళకి అతను జుట్టు దువ్వుకునేవాడు. ధర తగ్గితే డబ్బు తీసుకుని వెళ్లిపోతుంది. తగ్గకపోయినా పద్నాలుగో రోజు దాటితే ఇక రాదు. అదే అతని దిగులు.

పద్నాలుగో రోజు గొంతు తగ్గించి చెప్పాడు. “ఎల్లుండి నుంచి సేల్. వెయ్యి తగ్గుతుంది. చెప్పానని తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. వాపసుకీ ఇవాళే ఆఖరు. మిషన్ ఇవాళ వెనక్కిచ్చేసి ఎల్లుండి కొనుక్కోండి.”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“దాని మీద అప్పుడే పదకొండు గౌన్లు కుట్టాను. వెనక్కెలా ఇస్తాను?”

“వెయ్యి వదులుకుంటారా? మరి రోజూ వచ్చి ధరెందుకు అడిగారు?”

“మీ షాపు ధరలు ఫోన్లో కనిపిస్తాయిగా. దానికోసం ఇంతదూరం రావాలా?”

మూడేళ్లు బోర్డు చదవలేదు సరే, పద్నాలుగు రోజులు ఈ ముఖమూ చదవలేకపోయాడు.

ఆమె బిల్లు మడిచి పర్సులో పెట్టుకుంది. “గడువు ఇవాళ్టితో సరి. రేపు ఏ వంకతో రమ్మంటారు?”

“రేపు నేనే వస్తాను. మా అమ్మని తీసుకుని.”

“బట్టల కొలతలకా?”

“ముందు కొలతలకే.”

ఆమె తల వంచుకుని గొడుగు విప్పింది. “తక్కినదానికి తొందరేం లేదులెండి. దానికి గడువు పెట్టను.”