పైబండి

1987 నవంబరు పద్నాలుగు, శనివారం. పొద్దున చక్కటి ఎండ. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. నాలుగు దాటాక కొండ మీద పొగమంచు దిగి, చాచిన చెయ్యి కూడా కనబడకుండా కమ్మేసింది.

ఆ కొండ మీది స్టేషనులో వెయిటింగ్ రూముకి చెడ్డపేరుంది. చీకటి పడే వేళ అందులో ఒంటరిగా కూర్చోకూడదంటారు. కూర్చుంటే కిటికీ అవతల ఎవరో దగ్గుతారు... ఆ తర్వాత మెల్లగా పిలుస్తారు — "పైకి వెళ్ళేవాళ్ళు రావాలి."

పట్టాలు అక్కడితో సరి. ఆ పైన ఉన్నది ఆకాశమే. మరి పైకంటే ఎక్కడికి? గొడుగులు బాగుచేసే ఒకతను ఆ పిలుపు విని, వారం తిరక్కుండా నిజంగానే పైకి పోయాడట. అతనికి ముందునుంచీ గుండెజబ్బుందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. చెబితే కథ చప్పబడిపోతుంది.

ఆ శనివారం అన్నదమ్ములిద్దరు ఆ కొండకి బయల్దేరారు. వాళ్ళ తండ్రి ఆ స్టేషనులో ముప్ఫై ఏళ్ళు మాస్టరుగా చేసి, నెల క్రితం పోయాడు. పోతూ వీలునామాలో ఒక మెలిక పెట్టాడు. కొడుకులిద్దరూ పడవలో సరస్సు దాటి, రైలెక్కి, ఆయన స్టేషను చూసి అదే రోజు ఇంటికి చేరాలి. టూరు కంపెనీలను పట్టుకోకూడదు, దారి వాళ్ళే చూసుకోవాలి. అర్ధరాత్రిలోగా గడప తొక్కినవాడిది ఇల్లు. ఇద్దరూ తొక్కితే ఇద్దరిదీ. తాళంచెవి పట్టుకుని ప్లీడరు వరండాలో కూర్చుంటాడు.

అన్నకి ఆ ఇల్లు కావాలి. గడియారాలు బాగుచేసే కొట్టు వెనక ఒకే గదిలో పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు కొట్టు యజమాని. ఆరో ఏటనుంచీ మేనమామ దగ్గరే పెరిగాడు కాబట్టి, తండ్రి ఉద్యోగం గురించి అతనికి తెలిసింది తక్కువ. పైగా ఏదో మాట పట్టింపుతో పన్నెండేళ్ళుగా ఆ తండ్రీకొడుకులకి మాటల్లేవు. తమ్ముడు మాత్రం ఆ ప్లాట్‌ఫారం మీదే పెరిగాడు. ఇప్పుడు రేవులో పడవలకి తాళ్ళు కడతాడు.

అన్న వారం రోజులు కూర్చుని ప్రయాణం మొత్తం ఒక అట్టముక్క మీద రాసుకున్నాడు. గడియారాల మనుషులు అంతే, నిమిషం ఎక్కడైనా జారిపోతే వాళ్ళకి అన్నం సయించదు. వెళ్ళే వేళలు పడవ కాగితంలోనే ఉన్నాయి — పడవ ఏడుంబావు, దానికి అందే రైలు తొమ్మిదీ అయిదు. తిరుగు వేళలు రైళ్ళ పుస్తకంలో వెతికాడు. సాయంత్రం రెండే ఉన్నాయి. పైబండి 5.40. కిందిబండి 7.10. దిగేది కిందికి కాబట్టి 7.10 కింద గీత గీశాడు. రెండుముప్పావు గంటల ప్రయాణం కలుపుకుంటే రేవుకి తొమ్మిదీ యాభై అయిదు. ఆఖరి పడవ పదింబావుకి. ఇంకా ఇరవై నిమిషాలు మిగులు.

పడవలో తమ్ముడు ఆ అట్టముక్క తీసుకుని చూశాడు.

"ఒంటికి వెళ్ళడానికి ఎన్ని నిమిషాలు రాశావన్నయ్యా?"

"రెండు. నీకైతే నాలుగు."

తమ్ముడు చివరి వరుస దాకా చదివాడు. అక్కడ కాసేపు ఆగాడు. బాగానే ఉందని తిరిగిచ్చేశాడు. ఆ తర్వాత కొండెక్కే దాకా మళ్ళీ నోరు విప్పలేదు.

పైన చూడ్డానికేముంది? ఒక గది, ఒక బల్ల, తుప్పు పట్టిన గంట. స్టేషనులో పనిచేసేవాడన్నవాడు లేడు. అయిదూ ఇరవైకి తమ్ముడు అలా తిరిగొస్తానని లేచాడు. పొగమంచు అతన్ని గుమ్మంలోనే మింగేసింది.

అన్న ఒక్కడే మిగిలాడు. చెయ్యి కళ్ళ దగ్గరికి తెచ్చుకుని గడియారం చూసుకున్నాడు. 5.36.

కిటికీ అవతల ఎవరో దగ్గారు.

"పైకి వెళ్ళేవాళ్ళు... రావాలి."

తమ్ముడి వేళాకోళమేమో అనుకున్నాడు. కానీ ఈ గొంతు ముసలిది. బయట ఎక్కడో ఆవిరి బుస కొట్టింది... ఇనుము కిర్రుమంది. మళ్ళీ దగ్గు. ఈసారి గుమ్మం దగ్గరే.

"పెద్దోడా... లేవరా. పైకి వెళ్ళిపో."

పన్నెండేళ్ళయినా తండ్రి గొంతు మరుపు రాదు. పోయినవాడు, పైకి రమ్మంటున్నాడు! అన్న రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని, పెదాలు కదిలీ కదలకుండా అన్నాడు —

"నేను రాను నాన్నా. ఇద్దరు ఆడపిల్లలున్నారు."

గుమ్మం దగ్గర ఎవరో నిట్టూర్చినట్టయింది. ఈల మోగింది. ఆ చప్పుడు దూరమై... దూరమై... ఆగిపోయింది.

తమ్ముడు తిరిగి రాలేదు. ఎన్నిసార్లు కేకేసినా పలకలేదు.

సరిగ్గా 7.10కి బండి వచ్చింది. అన్న పరుగెత్తుకెళ్ళి ఎక్కబోతే, గార్డు లోపలి దీపాలు ఆర్పుతూ కనబడ్డాడు. ఇది రేపు పొద్దున గాని కదలదన్నాడు.

"కిందిబండి కదండీ?"

"కిందిబండే. అందుకే పైకొచ్చింది." గార్డు ఇలాంటి వాళ్ళని చాలామందిని చూసినట్టున్నాడు. "ఎత్తుపల్లాలతో మాకు పనిలేదు బాబూ. హెడ్డాఫీసు వైపు పోయేది పైబండి, అక్కణ్ణుంచి వచ్చేది కిందిబండి. హెడ్డాఫీసేమో కింద రేవులో ఉంది. ఆఖరి పైబండి 5.40కి దిగిపోయింది. అందులో ఒకడే ఉన్నాడు... తాళ్ళు కడతాడే, ఆ కుర్రాడు. దారిలో మా బండికి ఎదురైతే కిటికీలోంచి చూశాను."

అన్న బల్ల మీద కూలబడ్డాడు. మరి ఆ వేళకి తనని పిలిచిందెవరని అడిగాడు.

గార్డు చేతిలో దీపం ఆగింది. పాత మాస్టరు దిగిపోయాక ఇక్కడ బండి వేళ చెప్పే మనిషి లేక పదకొండేళ్ళయింది.

"ముందు దగ్గి... అప్పుడు పిలిచాడా?" అన్నాడు చాలా మెల్లగా.

తెల్లారి అన్న రేవులో దిగేసరికి అంతా అయిపోయింది. ఇల్లు తమ్ముడి పేర రాశారు. గోడ గడియారం, మంచాలు, పెరడు కూడా అతనికే. అన్నకి చిల్లిగవ్వ రాలేదు.

గార్డు నోరు ఊరుకోదు కాబట్టి ఆ పిలుపు సంగతి రేవంతా పాకింది. కొన్నాళ్ళకి తమ్ముడు కొట్టు ముందు నిలబడ్డాడు, లోపలికి మాత్రం రాలేదు.

"నేనప్పుడు ఆ బండిలోనే ఉన్నాను. కిటికీ తీసే ఉంది. నాకేం వినబడలేదు... నాన్న నాకేమైనా చెప్పాడా?"

అన్న కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యలేదు.

"లేదు. నీకేం లేదు."