పిల్లల దిబ్బ మీద ఒంటి చెప్పు

ధర్మపురి దాటాక గోదారి వంపు తిరిగే చోట ఒక ఇసుక దిబ్బ ఉంది. పిల్లల దిబ్బ అంటారు. పురిట్లో పోయిన పసికందులను మా దగ్గర కాల్చరు, పూడుస్తారు. ఒకప్పుడు అక్కడే పూడ్చేవారట. అందుకే పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. చీకట్లో ఇసుక కదులుతుందనీ, లోపలి నుంచి చిన్న చిన్న వేళ్లు పైకి వస్తాయనీ చెబుతారు. చూసిందెవరు అని అడిగితే మాత్రం ఒక్కరూ దొరకరు.

ఆ వేళ్లు తగిలిన మనిషి ఒకడున్నాడు. చొప్పదండి ఉపేందర్‌రావు. బియ్యం మిల్లు, జీపు, సఫారీ సూటు ఉన్నాయి. భయం ఒక్కటే లేదని తానే చెప్పుకునేవాడు. ఆయన జీపు నడిపే పోశం నాకు చెప్పిన సంగతి ఇది.

ఎనభై ఆరులో, మిరుగం అని మేం పిలిచే మృగశిర కార్తెకు ముందు రాత్రి. మర్నాడు ఊళ్లన్నీ చేపలు తింటాయి. అందరూ తినేదే రావు ఇంటి విందులో పెడితే పరువేముంటుంది? తాబేలు గుడ్లు వడ్డించాలి. అవి ఆ దిబ్బ ఇసుకలోనే దొరుకుతాయి. నడుముకు బలమని కూడా ఎవరో చెప్పారు. వాటిని తీస్తే జైలని చట్టం ఉంది. ఆ మాట రాసిన బోర్డు దిబ్బ పక్కనే ఉండేది. పాతిన వారం తిరక్కముందే అది ఎవరి గొడ్ల కొట్టానికో తలుపైంది.

జీపు ఒడ్డున ఆగింది. మబ్బు పట్టి ఉంది. గాలి లేదు. దూరంగా తీతువు అరిచింది... ఆగి, మళ్లీ అరిచింది.

"గది మంచి పిట్ట గాదు దొరా," అన్నాడు పోశం గుసగుసగా.

"కూర వండితే మంచిగనే ఉంటది. నడువు."

టార్చి వెలుగు ఇసుక మీద పడింది. పోశం కాలు అక్కడే ఆగిపోయింది.

నిమ్మకాయ — సగానికి కోసి కుంకుమ అద్దినది. దాని చుట్టూ పసుపు గీత. అవతల ఇంకొకటి... ఆ పక్కన ఇంకొకటి... దిబ్బ పొడుగునా.

మూడు బాటల కాడ అలాంటిది కనబడితే మావాళ్లు ఎడ్లబండిని కూడా బాట దింపి చెలకలోంచి తిప్పుకొని పోతారు. దాటితే ఎవరి పీడో తమకు అంటుకుంటుందట.

"నేను కాలు పెట్ట దొరా. నౌకరి పోతే పాయె."

"నిమ్మకాయకు గింత పరేషానా? షర్బత్ చేసుకొని తాగుత, చూడు!"

రావు ఒకదాన్ని కాలితో తన్నాడు. అది దొర్లుకుంటూ పోయి చీకట్లో కలిసింది.

పోశం కదల్లేదు. దాంతో ఉపేందర్‌రావు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సొంత చేతులతో తవ్వాల్సి వచ్చింది. మోకాళ్ల మీద కూర్చున్నాడు. పొడి ఇసుక... తర్వాత తడి ఇసుక... మోచేతి దాకా చెయ్యి దిగింది. తీతువు ఇప్పుడు నెత్తి మీదే తిరుగుతూ అరుస్తోంది.

"దొరికినయా దొరా?" ఒడ్డు మీంచి పోశం.

"ఆగు... ఏందో మెత్తగ తగులుతున్నది... ఏందో —"

మాట తెగింది.

ఇసుక లోపల ఏదో ఆయన వేలు పట్టుకుంది. చిన్నగా... గోళ్లతో. వదిలింది. ఇంకో వేలు పట్టుకుంది. తర్వాత అన్ని వేళ్లనూ ఒకేసారి —

చుట్టూ ఇసుక కదిలింది.

"పోశం..." రావు గొంతు ఏడవబోయే పిల్లవాడిలా ఉంది. "లేస్తుండ్రురా... పోరగాండ్లు లేస్తుండ్రు!"

ఒక చెప్పూ టార్చీ అక్కడే వదిలి పరుగెత్తిన ఆయన అడుగుల మధ్య దూరం పొద్దున నేనే కొలిచాను. మా కాలేజీలో లాంగ్ జంప్ కప్పు కొట్టినవాడికి కూడా అంత అంగ పడలేదు.

పొద్దున్నే నాకక్కడేం పనంటే — ఆ నిమ్మకాయలు మావే. బోర్డు తలుపైపోయాక మా కాలేజీ దోస్తులం ఇంకేం చేస్తాం? తాబేళ్లు గుడ్లు పెట్టిన ప్రతి గుంత మీదా ఒక నిమ్మకాయ పెట్టాం. వాడిపోతే మార్చాం. చట్టానికి భయపడనివాళ్లంతా నిమ్మకాయ చూసి ఆమడ దూరం జరిగారు.

తవ్వి ఉన్న గుంత చూడగానే గుడ్లు పోయాయనుకుని పరుగెత్తాను. వంగి చూస్తే ఖాళీ పెంకులు. గుంత నుంచి నీళ్ల దాకా ఇసుకలో సన్నని గీతలు, పదుల కొద్దీ. గుడ్లు పగిలి పిల్లలు బయటికి రాబోయే వేళకే రావు చెయ్యి పెట్టాడు. పాపం, తవ్వి దారి కూడా చేసి పెట్టాడు!

దొర టార్చి కోసం వచ్చిన పోశం మా మాట విని పొట్ట పట్టుకొని నవ్వాడు.

"దొరకు చెప్పాల్నా?"

"చెప్తే మల్ల ఏడాది గడ్డపార పట్టుకొని వస్తడు. చెప్పకు," అన్నాను. "గా దొర కాలి చెప్పు తీస్కపో."

"ఉండనీ. దొరకలేదని చెప్త."

నిమ్మకాయను తన్నిన పాపానికి ఏటేటా దిబ్బంతా నిమ్మకాయలు పెట్టించాలని ఒక మంత్రగాడు రావుకు చెప్పాడట. ఇప్పుడు ఎండాకాలం రాగానే చొప్పదండి నుంచి జీపులో గంప వస్తుంది. మేం గుంతలు చూపిస్తాం, పోశం పెడతాడు.

రావు ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ రాత్రి సంగతి చెబుతాడు. మొదటి ఏడాది ఇసుకలోంచి లేచింది ఒక్క చెయ్యే. ఇప్పుడు నలభై మంది పిల్లలు, కోరపళ్లతో సహా. విన్నవాళ్లెవరూ అటు రారు. మేం పాతిన బోర్డుకు నోరు లేదు. ఈ కథకు ఉంది.

ఆ చెప్పు ఇంకా దిబ్బ మీదే ఉంది. తొలివాన పడ్డ రాత్రి తాబేలు పిల్లలు దాన్ని ఎక్కి, దిగి, గోదాట్లోకి పోతాయి.