పదహారో రోజు

అవ్వ గేటు దాకా వెళ్ళి వచ్చింది. ఇది ఐదోసారి.

"గడియ పడిందా అమ్మీ?"

"పడింది అవ్వా."

"నువ్వు చూసినావా? నా కళ్ళను నమ్మబాక."

అశ్విత హోంవర్క్ పుస్తకంలోంచి తలెత్తలేదు.

పదిహేను రోజుల కిందటిదాకా అవ్వ ఇలా ఉండేది కాదు. అప్పుడు ఇంట్లో దూడ ఉండేది. అవ్వే సీసాతో పాలు పట్టి పెంచింది. ఉదయగిరిలో వాళ్ళ ఇల్లు రోడ్డు పక్కనే. ఒక మధ్యాహ్నం గేటు తెరిచి ఉండటంతో దూడ రోడ్డెక్కింది. లారీ కింద పడింది.

"నేనే గడియ మరిచినానేమో" అని అవ్వ వరండాలో కూలబడి ఏడ్చింది.

గేటు తీసింది అశ్విత. పెన్సిల్ కోసం సైకిల్ మీద అంగడికి వెళ్తూ గడియ వేయలేదు. తిరిగొచ్చాక చెప్పాలనుకుంది. చెప్పలేదు.

గేటు మీద కెమెరా ఉంది. రికార్డింగు పెట్టె ఇంట్లోనే ఉంటే దొంగలు ఎత్తుకుపోతారని, దాన్ని ఆత్మకూరులో బాబాయి ఇంట్లో పెట్టించాడు నాన్న. కెమెరా బిగించిన జయపాల్ అప్పుడే చెప్పాడు: "పదిహేను రోజులుంటాది సార్. ఆపైన పాతది దానంతటదే చెరిగిపోతాది."

నాన్న ఆ వీడియో అడగలేదు. "మా అమ్మ తప్పును టీవీలో వేసుకుని చూడాలా?" అన్నాడు.

అశ్విత మాత్రం రోజులు లెక్కపెట్టింది. ఈ రోజు పదహారోది. ఇక ఎవరికీ తెలియదు. గుండె తేలికపడాలి కదా? పడలేదు.

వంటింట్లో అవ్వ గరిటె అమ్మ చేతిలో పెట్టేసింది. "ఉప్పేసినానో లేదో తెలీటంలేదు. ఇంక నువ్వే చెయ్యి తల్లీ. నా బుర్ర పోయింది."

అశ్విత లేచి వెళ్ళింది. "అవ్వా, ఆ రోజు గేటు తీసింది నేను."

అవ్వ అశ్విత తల నిమిరింది. "నా కోసం నింద నీ మీదేసుకోబాక."

అశ్విత నాన్న దగ్గరికి పరుగెత్తింది. నాన్న అంతా విన్నాడు. తర్వాత అవ్వకు చూపించడానికి ఆ వీడియో కోసం బాబాయికి ఫోన్ చేశాడు.

"ఆ రోజుదా? నిన్నటిదాకా ఉన్నింది అన్నా. ఇప్పుడు లేదు."

నాన్న వెళ్ళి చెప్పినా అవ్వ నమ్మలేదు. "అందరూ కలిసి నన్ను ఊరడిస్తా ఉండారు" అంది.

మరునాడు బడికి వెళ్ళేముందు అశ్విత మళ్ళీ చెప్పింది. సాయంత్రం వచ్చి మళ్ళీ చెప్పింది. అవ్వ తలూపింది, అంతే.

మూడో రోజు అవ్వ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. అశ్విత పక్కన కూర్చుని మొదటినుంచీ చెప్పింది. సైకిలు, పెన్సిలు, తెరిచి వదిలేసిన గేటు.

అవ్వ చేతులు ఆగాయి.

"మరి నేను ఏడస్తా ఉంటే నువ్వు యాడుంటివి?"

దాని జవాబు అశ్విత ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"తలుపెనకాల ఉన్నా అవ్వా. అంతా ఇన్నా."