ఇసురుగి ఆగిపోయిన చోట

గూఢచారి ఇసురుగి శవం యోకొహామా రేవులో తేలిన కొన్నాళ్లకు, స్టేషన్ లాకర్లో అతని చివరి వీడియో దొరికింది. ఒకే వీడియో, రెండు డిస్కులు. ఒకటి ఎర్ర పెట్టెలో, ఒకటి నీలి పెట్టెలో. ఆ ఏడాది హై డెఫినిషన్ మార్కెట్ కోసం కొట్టుకుంటున్న రెండు ఫార్మాట్లలో దేన్నీ అతను నమ్మలేదు.

"డిస్కులు ఎందుకు చెడిపోతున్నాయో ముసలి ఇంజనీర్ ఉబుకాతా ఇంకాసేపట్లో హోటల్ మీటింగ్‌లో చెప్తాడు," అన్నాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్. "ఫ్యాక్టరీలకి, డిస్కు పొరల్ని అంటించే జిగురు కల్తీది అమ్మింది ఓ విదేశీ ముఠా. ఆయన నోరు విప్పేలోపే చంపేస్తారు."

"మీటింగ్ ఆపేయండి."

"ఆధారం లేకుండా ఆపరట. ఎలా చంపుతారో ఇసురుగికి తెలుసు. చూడు, హనావా."

ల్యాబ్‌లో డిస్కుల పక్కనే మిచిరు ఎదురుచూస్తోంది. నల్ల పట్టు గౌను, ఎర్రని పెదాలు. ముఠాలో డిపార్ట్‌మెంట్ నాటిన ఏజెంట్. ఇసురుగి పెళ్లాడాలనుకున్న మనిషి.

హనావా ఎర్ర డిస్కు పెట్టాడు. తెరమీద ఇసురుగి. గడ్డం మీది వాన చుక్క కూడా కనిపిస్తోంది.

"హనావా, ఇది చూస్తున్నావంటే నేను పోయానన్నమాట. ఉబుకాతాని చంపబోయేది..."

బొమ్మ ఆగింది. నోరు తెరిచే ఉంది. డిస్కు తీసి చూస్తే పొరలు విడిపోయి, లోపల పాలరంగు మరకలు.

నీలి డిస్కు మీద సన్నని గీత ఉంది. ప్లేయర్ దాన్ని గుర్తించనే లేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాక కదిలింది. సరిగ్గా 'చంపబోయేది' దగ్గరికొచ్చి ఎగిరి, ముందుకు దూకింది.

"మిచీ, నువ్వూ అక్కడే ఉన్నావు కదూ? నీమీద అనుమానపడ్డాను. తప్పయితే తిట్టుకో. నిజమే అయితే... ఆ ముసలాయన్ని వదిలెయ్, మిచీ."

మళ్లీ ఆగింది. ఆ కళ్లు సూటిగా ఆమెనే చూస్తున్నాయి.

"ఆపండి," అంది మిచిరు.

హనావా రిమోట్ నొక్కాడు. తెర ఆరలేదు. ప్లేయర్ మీద బటన్ నొక్కాడు. ఇసురుగి చూస్తూనే ఉన్నాడు.

"ఆపమంటున్నానా!"

"ప్లేయర్ మొరాయించింది. నీలి డిస్కు మీద ఆ గీత ఎవరిది, మిచిరు గారూ? గోటితో గీసినట్టుంది."

ఆమె మొహం తిప్పుకుంది. గోడ అద్దంలోనూ ఇసురుగి మొహమే.

"మైకు..." అంది. "స్టేజీ మీది మైకు. పట్టుకుంటే ప్రాణం పోయేంత కరెంట్."

హనావా హోటల్లోని తమ మనిషికి ఫోన్ చేశాడు. "మైకు! ముట్టుకోనివ్వకు!"

అవతల కేకలు, ఏదో విరిగిన చప్పుడు. తర్వాత, "స్టాండ్‌ని తన్నేశాను సార్. ఆయన చెయ్యి బెత్తెడు దూరంలో ఉంది. బాగానే ఉన్నారు, నన్ను తిడుతున్నారు."

మిచిరును తీసుకెళ్లారు. గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి, తెరకేసి చిన్నగా తలవంచింది. హనావా ప్లగ్ పీకడానికి వంగి, చెయ్యి రాక అలాగే కూర్చుండిపోయాడు.

సాయంత్రం టీవీలో రెండు కంపెనీలూ వేర్వేరుగా ప్రకటించాయి: తమ డిస్కు వందేళ్లు మన్నుతుందట. హనావా మాత్రం దారిలో ఆగి, ఓ పాత వీడియో క్యాసెట్ కొనుక్కుని, ఇసురుగిని అందులోకి ఎక్కించుకున్నాడు.