గాలిని మరిచిన దొంగలు

"ఈ మధ్యాహ్నం ఉత్తర జలాలు మన చేతిలోంచి జారిపోబోతున్నాయి. వెళ్లి ఆపు."

చీఫ్‌ది మాటల పొదుపు. ఎదురుగా నిలబడ్డ ఏజెంటును డిపార్ట్‌మెంటులో అందరూ మరమేకు అంటారు. సందు దొరికితే చాలు దూరతాడు, దూరాక ఊడిరాడు.

"ఎలా జారిపోతాయి సార్?"

"అక్కడి చేపలకు చల్లనీళ్లు కావాలి. సముద్రం పైనీళ్లు ఏటేటా వేడెక్కుతున్నాయనీ, పదేళ్లలో అక్కడ చేప మిగలదనీ మంత్రిగారు నమ్మితే, ఆ నీళ్లను పొరుగుదేశానికి వదిలేసి సంతకం పెట్టేస్తారు. దానికోసం ఫారిన్ ముఠా ఒకటి దొంగ రికార్డు తయారుచేసింది. సముద్ర పరిశోధన కేంద్రంలో అసలు రికార్డు తీసేసి దొంగది పెట్టేశారని నెమలి కబురు పంపింది."

నెమలి ముఠాలో ఉంటూ మనవాళ్లకు పనిచేసే డబుల్ ఏజెంట్.

"నేనే ఎందుకు సార్?"

"అక్కడి సైంటిస్టు మీ అక్క. ఆవిడ తన కంప్యూటర్ దగ్గరికి నిన్ను తప్ప ఎవర్నీ రానివ్వదు."

మరమేకు వెంటనే బయల్దేరాడు. అతని బావ పడవ, బావ తమ్ముళ్ల పడవలు అన్నీ ఆ నీళ్లమీదే బతుకుతున్నాయి.

ఏసీ మెకానిక్ వేషంలో, పెట్టుడు మీసంతో కేంద్రంలో అడుగుపెట్టాడు. లాబీలో పచ్చగౌను వేసుకున్న అందగత్తె ఎదురైంది. పొరుగుదేశపు బృందానికి దుబాసీ అట.

"మీ గదిలో చల్లగా ఉందా మేడమ్?" అన్నాడు.

"ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ చల్లగానే ఉంటుంది."

కోడ్‌వర్డ్ కుదిరింది. ఈమే నెమలి. ఆమె లిప్‌స్టిక్ ఒకటి అతని టూల్‌బ్యాగ్‌లోకి జారవిడిచింది. "ఇందులో పెన్‌డ్రైవ్ ఉంది. అదే అసలు రికార్డు. మీ అక్క కంప్యూటర్‌లో పెట్టండి, దొంగది చెరిగిపోతుంది. త్వరగా!" అంటూ కన్ను కొట్టి వెళ్లిపోయింది. అసలే పేరులేని మనిషి, ఆ ఉన్న మారుపేరు కూడా ఒక క్షణం మరిచిపోయాడు.

పై అంతస్తులో అక్క తల ఎత్తకుండానే అంది. "ఏసీ చెడిపోయి నెలైంది. ఇప్పుడా రావడం?" తర్వాత మొహం చూసింది. "ఆ మీసమేంట్రా, ఊడిపోతోంది!"

"తర్వాత చెప్తానక్కా." మరమేకు పెన్‌డ్రైవ్ గుచ్చేశాడు.

ఆ కంప్యూటర్‌కు బయటి లైను లేదు. కింద హాల్లో మంత్రిగారి ముందున్న స్క్రీన్‌కు మాత్రమే వైరుంది. తెరమీద ఎర్రగీత ఒకటి నిచ్చెనెక్కినట్టు పైకి పోయింది. అక్క మొహం పాలిపోయింది.

"ఎవరిచ్చార్రా నీకిది?"

"మన మనిషే. ఇదే అసలుది."

"నీ మొహం! కిందున్న నీలిగీత గాలిది. ఇరవయ్యేళ్లుగా ఉత్తరాన గాలి జోరు పెరుగుతూనే ఉంది. దానితోపాటు పైనీళ్ల వేడి కూడా పెరిగిందట! ఊదేకొద్దీ టీ వేడెక్కుతుందా? ఒక్కరోజు గాలిని సముద్రం లెక్కచెయ్యదు. ఏళ్లతరబడి వీస్తే మాత్రం పైనీళ్ల వేడిని లాగేస్తుంది, అడుగునున్న చల్లనీళ్లను పైకి కలుపుతుంది. వీళ్లు నీళ్ల లెక్క మార్చారు, గాలిది మరిచిపోయారు. అసలు రికార్డు ఇందాకటిదాకా ఇందులోనే ఉందిరా!"

నెమలి పంపిన కబురే అబద్ధమని మరమేకుకు అప్పుడు అర్థమైంది. నెమలికి కావలసింది ఈ గదిలోకి రాగలిగే తమ్ముడొక్కడే. దొంగచేతికి తాళాలిచ్చాడు. బావ నోటికాడి కూడు తన చేత్తోనే లాగేశాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

గోడమీద టీవీలో హాలు కనిపిస్తోంది. మంత్రిగారు ఎర్రగీత చూసి నిట్టూర్చి, పెన్ను అందుకున్నారు. అక్క హాలుకు ఫోన్ చేసింది. ఎత్తింది నెమలే.

"సారీ. మంత్రిగారు బిజీ."

"హాలు తలుపు లోపలినుంచి గడియేశారు," అంది అక్క టీవీ చూపిస్తూ.

"నువ్వు కిందికి పరుగెత్తు. తలుపు నేను తెరిపిస్తాను."

పక్కగదిలో హాలు ఏసీ బ్లోవర్ ఉంది. మరమేకు స్క్రూడ్రైవర్ తీసి స్పీడు లాక్ పీకేశాడు, మీట చివరిదాకా లాగాడు. మోటారు మూలిగింది, అంతే. పిడికిలితో గట్టిగా ఒక్కటి గుద్దాడు. అప్పుడు హోరెత్తింది.

పెన్ను ములికి కాగితాన్ని తాకింది. అదే క్షణంలో కాగితం ఎగిరిపోయింది. సంతకం మొదటి అక్షరం టేబుల్‌గుడ్డమీద పడింది. ఒప్పందం పుటలన్నీ హాలంతా లేచాయి. వాటిని పట్టుకునే హడావుడిలో కొన్ని తలుపు సందులోంచి జారిపోతుంటే, ఒక అధికారి గడియ తీశాడు. అక్క లోపలికి దూసుకొచ్చింది.

"సంతకం పెట్టకండి సార్! ఆ గీత అబద్ధం!"

నెమలి చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. చిన్న పిస్టల్ బయటికి వచ్చేసరికి, మెట్లు రెండేసి చొప్పున దిగివచ్చిన మరమేకు ఆమె మణికట్టు పట్టేశాడు.

"అంతా సరిగ్గానే చేశాం," అందామె పళ్లు కొరుకుతూ. "ఎక్కడ తప్పాం?"

"ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ చల్లగానే ఉంటుంది. మీరన్న మాటే మేడమ్."

గార్డులు ఆమెను తీసుకెళ్లారు. మంత్రిగారు ఒప్పందాన్ని నిలువునా చింపేశారు. అక్క కళ్లు తుడుచుకుని, తమ్ముడి మీసం పూర్తిగా పీకి చేతిలో పెట్టింది.

"హాల్లో ఏసీ బ్రహ్మాండంగా చేశావ్. నా గదిలోది ఎవడు చేస్తాడ్రా?"