పసుపు పెట్టిన పచ్చకోక

చలువనగరంలో తెల్లవారగానే అందరూ చేసే మొదటి పని పిచికారీ గదిలో నిలబడటం. గోడల్లోంచి సన్నటి పాలిమర్ తుంపర వచ్చి ఒంటికి అతుక్కుని, ఆరి, ఆ రోజుకు బట్ట అవుతుంది. సాయంత్రం స్నానంలో కరిగి కాలువలో పోతుంది. ఉతకడం, ఆరేయడం, మడతపెట్టడం అన్న మాటలు పిల్లలకు తెలియవు. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి బజారుకు చల్లటి గొట్టపు దారులే. బయట వేడి తగ్గి, చెట్లు మళ్లీ పెరిగి చాలా ఏళ్లయింది. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? తలుపు తీసే ఓపిక ఎవరికీ లేదు.

ఈ విషయంలో డాక్టర్ చంపకవల్లికి మాత్రం కడుపుమంట. ఆమె వృక్షకణ శాస్త్రవేత్త. ఒక్కగానొక్క కూతురి పేరు ఇహ. పిచికారీ బట్టల మీదికి పూల డిజైన్లు గీస్తుంది. నగరంలో సగం మంది ఒంటి మీద ఉన్నవి ఆ పిల్ల గీసిన పూలే. నిజం పువ్వును మాత్రం ఆ పిల్ల ఒక్కసారీ చూడలేదు. చిన్నప్పుడు బయటికి తీసుకెళ్తే ముఖానికి గాలి తగిలి బెదిరిపోయి, గుక్కపట్టి ఏడ్చింది. మళ్లీ గడప దాటలేదు. కూతురి పక్కన ఒక్క పూట ఎండలో నిలబడాలన్నదే చంపకవల్లి కోరిక. బుజ్జగించింది, కోప్పడింది, అలిగింది. ఏదీ పనిచేయక, అలిసిపోయి, చివరికి ఒక బట్టను కనిపెట్టింది.

దాని పేరు పచ్చకోక. పత్తి దారాన్ని లోపల బోలుగా వడికి, ఆ బోలులో నాచు పెంచారు. నాచులోని పత్రహరితం, అంటే క్లోరోఫిల్, ఎండతో తిండి తయారుచేసుకుంటుంది. కట్టుకున్నవారి చెమటలోని ఉప్పు దానికి ఎరువు. గాలి ఆడకపోతే ఉక్కిరిబిక్కిరవుతుంది. ఎండ, గాలి, చెమట, ఈ మూడూ రోజూ కాసేపు అందితే కోక నిగనిగలాడుతుంది, అంచులో నేసిన గింజలు మొలిచి చిన్న చిన్న గడ్డిపూలు పూస్తాయి. అందకపోతే వాడిపోతుంది. దీపాల కింద పెట్టి మోసం చేద్దామంటే కుదరదు. మరమనిషికి చుట్టి బయటికి పంపినా లాభం లేదు, దానికి చెమట పట్టదు కదా.

నేతపని చూసుకున్న డిజైనర్ నజీర్‌కు మాత్రం ఒక అనుమానం మిగిలింది.

"మేడమ్, కట్టుకున్న మనిషి డీఎన్‌ఏకే లొంగేలా నాచుకు తాళం వేద్దాం. లేకపోతే జనం ఏదో ఒక దారి వెతుక్కుంటారు."

"చీరకు తాళమేంటయ్యా! మా పిన్ని చీర మా అమ్మ కట్టుకునేది, అమ్మది నేను కట్టుకున్నా. రేపు నా కూతురు నాది అడిగితే, దాని ఒంటి మీద వాడిపోవాలా?"

"మీ ఇష్టం మేడమ్," అన్నాడు నజీర్. ఆమెతో వాదించే ఓపిక అతనికీ లేదు.

మొదటి కోక ఇహకే. కొత్త బట్టను పసుపు పెట్టకుండా ఇవ్వడానికి చంపకవల్లికి చేతులు రాలేదు. చిటికెడు పసుపు తడిపి కొంగు మూల అద్దింది. పసుపు తగిలితే సూక్ష్మజీవులు చస్తాయన్న సంగతి, ఇంత చదువు చదివీ, ఆ క్షణాన గుర్తే రాలేదు. మర్నాటికి అక్కడి నాచు చచ్చిపోయి బొటనవేలంత తెల్లమచ్చ పడింది.

ఇహ పగలబడి నవ్వింది. "నీ చేత్తో నువ్వే చంపుకున్నావు కదమ్మా! పర్లేదులే, ఉండనీ. నాదని గుర్తుపట్టొచ్చు."

"బయటికి వెళ్తావు కదూ?"

"వెళ్తానమ్మా, ఒట్టు."

ఏడాది తిరిగేసరికి పచ్చకోక లేని ఇల్లు లేదు. విందుల్లో ఎవరి కోక ఎంత పచ్చగా ఉంటే వాళ్లకంత గొప్ప. ప్రతి కోక పరిస్థితీ ప్రయోగశాలలోని 'తోడు' అనే యంత్రానికి తెలుస్తుంది. చంపకవల్లి రోజూ పొద్దున్నే దాన్ని అడిగేది.

"తోడూ, మా ఇహ కోక ఎలా ఉంది?"

"చాలా ఆరోగ్యంగా ఉంది. నిన్న కూడా ఎండ చూసింది. కొంగున పూలు పూశాయి."

ఆ మాట వింటే ఆమెకు కళ్లు చెమర్చేవి.

"మీ కోకే వాడిపోతోంది డాక్టర్."

"నాకు తీరికెక్కడిది!"

కలిసి వెళ్దామని కూతురికి ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే జవాబు. "అయ్యో, ఇప్పుడే వెళ్లొచ్చానమ్మా. గాలి భలే ఉంది."

ఒకరోజు చంపకవల్లి మీటింగులన్నీ మానుకుని, పిచికారీ బట్ట మీద వాడిన తన కోకనే చుట్టుకుని, చెప్పాపెట్టకుండా బయల్దేరింది. బయటి తలుపును రెండు చేతులా తోయాల్సి వచ్చింది. ఎదురుగా సముద్రం, పక్కన కొండ. కొండవాలంతా పచ్చకోకలే! ఆమె గుండె నిండిపోయింది. గెలిచాననుకుంది.

దగ్గరికి వెళ్తే అక్కడున్నవాళ్లు నగరం మనుషుల్లా లేరు, బయటి పల్లెలవాళ్లు. ఒక్కొక్కరూ నాలుగైదు కోకలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని ఉప్పుబస్తాల్లా ఉన్నారు. అన్నిటికీ ఎండ తగలాలని కాసేపటికోసారి పైది విప్పి లోపల కట్టి, లోపలిది పైకి తెస్తున్నారు. అలా మారుస్తున్న ఒకామె భుజం మీద, పూసిన కొంగు మూల, బొటనవేలంత తెల్లమచ్చ కనిపించింది.

"ఈ కోక ఎవరిదమ్మా?" చంపకవల్లి ఆ కొంగు పట్టుకుని అడిగింది.

"పూలబొమ్మలు గీస్తాదే, ఆ పాపదమ్మా. మంచి పిల్ల. గాలంటే బయమట," అంది ఆమె. పేరు మేరమ్మ.

"ఎన్నాళ్ల నుంచి కడుతున్నావు?"

"మొదట్నించీ నానే, కూలికి. ఏటమ్మా, అలాగ సూత్తన్నారు? ఎండ అలవాటు లేదేటి?"

నాచు మనిషి చెమటను గుర్తుపడుతుంది. ఏ మనిషిదో అడగదు. అడగొద్దని చెప్పింది చంపకవల్లే. ఆమెకు ఏడుపొచ్చింది. ఆ కోకను లాక్కుని వెళ్లి కూతురి ముఖాన కొట్టాలనిపించింది. కానీ నెత్తి మాడుతోంది, కాళ్లు పీకుతున్నాయి, తలుపు చూస్తే దగ్గర్లోనే ఉంది. లోపల చల్లగా ఉంటుంది. కాసేపు కూర్చుంటే చాలుననిపించింది.

"మీదైతే మరీ వాడిపోనాది," అంది మేరమ్మ జాలిగా. "ఇలాగ ఇవ్వండి. ఈ పాపదాని మీదే కట్టుకుంటాను. పచ్చగా సేసి పంపుతాను."

చంపకవల్లి తన కోక విప్పి ఇచ్చేసింది.

సాయంత్రం ఇహే ఫోన్ చేసింది. "అమ్మా, తోడు చెప్పింది, నీ కోక కూడా ఇవాళ ఎండ చూసిందట కదా! వెళ్లావా?"

"వెళ్లానమ్మా."

"నేనూ వెళ్లాను. నువ్వు కనపడలేదే?"

"జనం ఎక్కువగా ఉన్నారుగా," అంది చంపకవల్లి. "నీ పక్కనే ఉండుంటాను."