డోర్ పక్క సీటు

ఆ పొద్దు ఇంట్లో ఉన్నది రజిని, వాళ్లమ్మ రూతమ్మ, అవ్వ సత్యవేదమ్మ, జమ్మలమడుగు నుంచి వచ్చిన పిన్ని గ్రేస్. పెండ్లిచూపులకు వచ్చింది ఇద్దరే: ప్రొద్దుటూరు జోయల్, వాళ్లమ్మ.

టీ తెచ్చిన రజిని నీలం చొక్కాలో ఉన్న పెండ్లికొడుకును చూసి ఆగిపోయింది. స్కూల్లో పాఠాలు చెప్పడానికి ఆమె రోజూ ఎక్కే బస్సు కండక్టర్. ఫొటోలో కోటు వేసుకున్నాడు. ఖాకీ చొక్కా లేని ఫొటోలో ఎట్లా గుర్తుపడుతుంది?

"లోపల సీట్లు ఖాళీగా ఉండాయి, జరుగమ్మా" అని అతను రోజూ అరుస్తాడు. డోర్ పక్క సీటు వదలకుండా ఆమె కిటికీలోంచి చూస్తుంది.

జోయల్ గ్లాసు అందుకుంటూ మెల్లగా అన్నాడు. "ఈడన్నా లోపలికి వస్తావా, తలుపు కాడే నిలబడతావా?"

"పిల్లోళ్లను మాట్లాడుకోనీండి" అంటూ గ్రేస్ ఇద్దరినీ గదిలోకి పంపి తలుపు వేసేసింది. రూతమ్మ చెయ్యి ఎత్తి దించేసింది. పొద్దున్నే కూతురికి చెప్పింది, ఆ సంగతి నోరు జారితే సంబంధం పోతుందని.

మూసిన తలుపు చూడగానే రజినికి ఊపిరి తప్పింది. కాళ్లు నేలకు గట్టిగా ఆనించి, కనిపించినవాటి పేర్లు మనసులో అనుకుంది. బైబిల్ వాక్యాల క్యాలెండరు. ఉల్లిగడ్డల గోతం. అవ్వ చెప్పులు. నీలం చొక్కా. నీలం చొక్కా దగ్గర ఊపిరి మళ్లీ తప్పింది.

"ఏంది, టికెట్ లేనోళ్లు చెకింగోళ్లను చూసినట్టు చూస్తాండావు?"

"తలుపు" అంది.

జోయల్ ఆమెను చూసి, నవ్వు ఆపి, తలుపు బార్లా తెరిచాడు.

"అప్పుడే అయిపాయనా?" అంది జోయల్ వాళ్లమ్మ. పిల్ల నచ్చలేదనుకుని గ్రేస్ మొహం వాడిపోయింది.

"లోపల ఉక్కగా ఉందిమా. బయట కూర్చుంటాం."

అరుగు మీద కూర్చుంటే దూరంగా రిజర్వాయరు నీళ్లు మెరుస్తున్నాయి. ఇక దాచడం రజిని వల్ల కాలేదు.

"ఆ నీళ్లల్లో మా పాతిల్లు ఉంది. ఊరు ఖాళీ చేసేనాడు మా అవ్వ దానికి తాళం వేసింది."

"మునిగే ఇంటికి తాళమెందుకు?"

"అలవాటు. నేను చిన్నపిల్లను, లోపల నిద్రపోతాండా. ముందు ట్రాక్టర్లో ఉండానని అమ్మ, వెనక దాంట్లో ఉండానని అవ్వ అనుకున్యారు. మళ్లీ వచ్చేదాకా అరుస్తానే ఉండా. ఇనేదానికి ఊర్లో ఎవరూ లేరు."

జోయల్ ఆమె వైపు తిరిగాడు. "ఇప్పుడు అట్లా అయితే ఏం చేస్తావు?"

"చల్లటిది ఏదన్నా పట్టుకుంటా. ఊపిరి నిదానంగా విడుస్తా. ఆలోచనలు ఎక్కువైతే శనక్కాయలు వొలుస్తా. పూర్తిగా పోదు, వచ్చి పోతుంది."

"మాయమ్మకు చెప్తా. మూట తెప్పిస్తుంది."

రజిని నవ్వాపుకుంది.

"ఇంగోటి చెప్పాల" అన్నాడు జోయల్. "డోర్ పక్క సీట్లో రోజూ తువ్వాల వేసేది ఎవరనుకుంటాండావు?"

"ఎవరో ముసలాయన మర్చిపోయినాడనుకున్యా."

"నేనంత ముసలోని మాదిరి ఉండానా? జరగమని అరిచేది డ్యూటీ. తువ్వాల వేసేది నేను."

ఆమె తల దించుకుంది. సరిగ్గా అప్పుడే ఈదురుగాలితో వాన మొదలైంది. ఇద్దరూ లోపలికి పరుగెత్తారు.

"ఇంతసేపు మాట్లాడితే నచ్చినట్టే గదా" అంది జోయల్ వాళ్లమ్మ. జోయల్ తల ఊపాడు. రూతమ్మ కొంగుతో కండ్లు తుడుచుకుంది.

జల్లు నడింట్లోకి కొడుతోంది. ఈ ఇంట్లో పగలు వీధి తలుపు మూయరు. అవ్వ ఎప్పుడూ రాయి అడ్డం పెడుతుంది. ఆమె వంగి ఆ రాయి జరిపి, మనవరాలి వైపు చూస్తూ నిలబడింది.

"వేసేదా, పాపా?"

రజిని చల్లారిన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. పక్కన నీలం చొక్కా ఉంది. ఊపిరి నిదానంగా వదిలింది.

"వెయ్యవ్వా."

"రైట్ రైట్" అన్నాడు జోయల్.

అవ్వ తలుపు వేసింది.